ఆబ్కారీ నిబంధనలు – మన సరిహద్దులు, మన ఇండ్లు

మన సంఘముల ప్రత్యేక సంచికలయందు కవిపండితులను గూర్చియు, ఆలయములను గూర్చియు, పూర్వులు బ్రతుకుతెరువునకై తావు విడిచి వచ్చిన వైనమును గూర్చియు వ్యాసములు వెలువడుట పరిపాటి. మేము ఆబ్కారీ నిబంధనలను గూర్చి వ్రాయ బూనుట కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చును. కాని యోచించి చూడుడు. బళ్లారిలోని ఇంటను, హోసూరులోని ఇంటను, బరంపురము, సిరోంచ, యానాములలోని ఇండ్లయందును పలుకు తెలుగే. వీథి చివర సారాకొట్టు పెట్టవచ్చునా, గుడికిని బడికిని ఎంత దూరమున పెట్టవలెను, సొంత పొలముగట్టుననున్న తాటిచెట్టును గీయుటకు ఎవరి అనుమతి కావలెను అను ప్రశ్నలకు మాత్రము ఈ ఊళ్లలో సమాధానములు వేరువేరుగా నున్నవి. ఒకప్పుడు వీనిలో మూడింటికి సమాధానము ఒక్కటియే. ఆ ఒక్కటి ఇన్నిగా చీలిన కథయే ఈ వ్యాసమునకు వస్తువు.

త్రాగుట మంచిదా చెడ్డదా అను ధర్మోపదేశము మా ఉద్దేశము గాదు. ఆ నిర్ణయము ప్రతి గృహస్థునకును తెలిసినదే. మేము చెప్పదలచినది మరియొకటి. శాసనము తరతరములు నిలుచును. దానిక్రింది నిబంధనలు ఏటేట మారును. మన గుమ్మమును తాకునది శాసనము కాదు, నిబంధనయే. ఆ నిబంధనను ఎవరు వ్రాసిరి, ఎవరు మార్పించిరి, ఎవరి మాట వినబడినది, ఎవరిది వినబడలేదు అని విచారించుట అల్పసంఖ్యాకులముగా నున్న మనకు అవసరము.

‘ఆబ్కారీ’ పారశీక పదము. ‘ఆబ్’ అనగా నీరు. సారా కాచుట, అమ్ముట, వానిపై పన్ను వసూలుచేయుట అను అర్థములలో మొగలాయీల కాలమునుండి దేశమంతట వ్యాపించినది. మన పెద్దలు నేటికిని ఎక్సైజు శాఖను ఆబ్కారీ శాఖయనియే పిలుతురు. తూర్పు ఇండియా కంపెనీవారు ఈ ఆదాయమును తమ వశము గావించుకొని, తొలుత గుత్తపద్ధతి నవలంబించిరి. ఒక ప్రాంతమునందు సారాయు కల్లును అమ్ముకొను హక్కును పాట పెట్టి, హెచ్చుగా పాడిన గుత్తదారునకు అప్పగించెడివారు. గుత్తదారుడు చెల్లించిన సొమ్మే ప్రభుత్వమునకు ముఖ్యము. అతడెట్లు రాబట్టుకొనుచున్నాడో, ఎన్ని కొట్లు తెరచుచున్నాడో విచారించుట తక్కువ.

ఈ పద్ధతిలోని లోపములు పెరిగిన పిమ్మట మద్రాసు ప్రభుత్వమువారు 1886లో ఆ సంవత్సరపు 1వ చట్టముగా మద్రాసు ఆబ్కారీ చట్టమును చేసిరి. ఉత్తరమున గంజామునుండి దక్షిణమున తిరునల్వేలి వరకును, పడమట బళ్లారి వరకును రాజధానిలోని జిల్లాల కిది వర్తించెను. నేడు ఒడిశాలోనున్న బరంపురమును, కర్ణాటకమునందున్న బళ్లారియు, తమిళనాడునందున్న హోసూరును నాడు ఈ చట్టము క్రిందివే.

చట్టమునందు చెప్పినది స్వల్పము: లైసెన్సు లేక మాదకద్రవములను తయారుచేయరాదు, అమ్మరాదు, పరిమితిని మించి ఉంచుకొనరాదు, చెట్టును కల్లుకై గీయరాదు. మిగిలిన వివరమంతయు నిబంధనలకు విడువబడినది. ప్రభుత్వము ఆ నిబంధనలను ఫోర్టు సెంట్ జార్జి గెజెట్టునందు ప్రకటించెడిది. వాని అమలు రెవిన్యూ బోర్డు చేతిలోనుండెను. బోర్డులోని ఒక సభ్యుడు ఉప్పు, ఆబ్కారీ శాఖలకు కమిషనరుగా వ్యవహరించెడివాడు. ఉప్పును ఆబ్కారీని ఒకే అధికారి చూచుటను బట్టియే ప్రభుత్వమునకు ఇవి రెండును ఎట్టి విషయములుగా కనుపించెనో తెలియుచున్నది. అవి రెండును పేదవాని నోటికి తగులు పన్నులు.

ఆ నిబంధనలలో గ్రామములను మిక్కిలి తాకినది చెట్టుపన్ను. కల్లుగీయు ప్రతి తాటిచెట్టునకును, ఈతచెట్టునకును, కొబ్బరిచెట్టునకును ఇంతయని రుసుము నిర్ణయించి, అది చెల్లించినచో చెట్టుపై గుర్తువేసి లెక్కలో చేర్చెడివారు. గుర్తులేని చెట్టును గీచుట నేరము. అంతవరకు తండ్రి నేర్పిన విద్యతో, నడుమునకు మోకు, మొలకు గీతకత్తి కట్టుకొని చెట్టెక్కిన వానికి, ఇకమీదట చెట్టెక్కుటకు ముందు కాగితమొకటి కావలసివచ్చెను. రాయలసీమలోను బళ్లారి ప్రాంతమునను ఈడిగలు, గోదావరి మండలమున శెట్టిబలిజలు, ఉత్తరకోస్తాలో యాతలు, తెలంగాణమున గౌడులు ఈ వృత్తిలో నుండిరి. చెట్టు పొలముగలవానిది, విద్య గీతకారునిది, అనుమతి ప్రభుత్వమువారిది, దుకాణము పాట పాడినవానిది. ఈ నలుగురిలో నిబంధన వ్రాయు బల్లయొద్దకు పోలేనివాడు గీతకారు డొక్కడే.

ఆబ్కారీ ఆదాయము నానాటికి పెరిగి మద్రాసు రాజధానిలో భూమిశిస్తు తరువాత చెప్పదగినంతటిదయ్యెను. 1919 చట్టము ననుసరించి 1921 నుండి ఆబ్కారీ మంత్రుల పరిపాలనలోనికి వచ్చెను. విద్య, వైద్యము వంటివియు మంత్రుల చేతిలోనే యుండుటచే ఒక చిక్కు ఏర్పడెను. బడి నడపవలెనన్న సారాకొట్టు నడవవలెను. ఈ చిక్కు నేటికిని తీరలేదని పాఠకులు గ్రహింపగలరు. ఆ యేండ్లలోనే సహాయనిరాకరణోద్యమము వచ్చి, కల్లుదుకాణముల యెదుట పికెటింగు సాగెను. కార్యాలయమునకు వెలుపలి జనులు ఆబ్కారీ వ్యవహారమున తమ మాట వినిపించుట అప్పటినుండియే బలపడినది.

1937లో చక్రవర్తుల రాజగోపాలాచారిగారు మద్రాసునందు ప్రధానమంత్రియై, ఆ సంవత్సరపు 10వ చట్టముగా మద్యపాన నిషేధచట్టమును చేసిరి. తిరుచెంగోడు గాంధీ ఆశ్రమమునుండి 1929లోనే నిషేధ ప్రచారమునకై ‘విమోచనం’ అను తమిళ పత్రికను నడపినవారగుటచే ఆయనకిది క్రొత్త సంకల్పము గాదు. 1937 అక్టోబరు 1వ తేదీన తొలుత సేలము జిల్లాలో నిషేధము అమలయ్యెను. హోసూరు, కృష్ణగిరి తాలూకాలు ఆనాడు సేలము జిల్లాలోనివే. కావున ఈ గొప్ప ప్రయోగము ఆరంభమైన నాడే అది తమిళుల ఇండ్లతోపాటు మన తెలుగువారి ఇండ్లనుగూడ తాకినది. 1938 అక్టోబరున చిత్తూరు, కడప జిల్లాలకును, 1939లో ఉత్తరార్కాటునకును విస్తరించెను.

నిషేధము వచ్చినంతమాత్రమున నిబంధనలు తగ్గునని తలచుట పొరపాటు. అవి పెరుగును. వైద్యునకు స్పిరిటు కావలెను, చర్చికి ద్రాక్షసారము కావలెను, బెల్లము వండువారికి తీపికల్లు కావలెను. ప్రతిదానికిని ఒక మినహాయింపు, ప్రతి మినహాయింపునకును ఒక లైసెన్సు. తీపికల్లును గూర్చిన నిబంధన చూడదగినది. చెట్టునుండి దిగిన రసము పులియకున్న ఆహారము, పులిసిన మాదకద్రవము. ఈ రెంటికిని నడుమ నిబంధన గీచిన గీత సున్నము. లోపల సున్నము పూసిన కుండలోనే తీపికల్లు పట్టవలెను. పూత సరిగా నున్నచో గీతకారుడు తాటిబెల్లము వండుకొను గృహస్థుడు; లేకున్నచో నేరస్థుడు. చెట్టు చివర తెల్లవారుజామున కుండలోని పూత కొంచెము రాలినచో, క్రింద నిలిచిన ఉద్యోగి యిష్టమే శాసనము. శాసనసభలోని గంభీర చర్చ కడపట ఒక కుండలోపలి సున్నమువరకు దిగివచ్చునని ఈ ఉదాహరణము తెలుపుచున్నది.

నష్టపడిన ఆదాయమునకు బదులేమి? రాజాజీగారి ప్రభుత్వము 1939లో 9వ చట్టముగా సాధారణ అమ్మకపు పన్నును విధించెను. దుకాణమునందు ఉప్పు, పప్పు, బట్ట కొన్న ప్రతివారు ఆనాటినుండి చెల్లించిన ఈ పన్ను నిషేధము వెంట పుట్టినదే. తరువాత యుద్ధకాలమున, ప్రజామంత్రివర్గములు లేని గవర్నరు పాలనలో, నిషేధము నిలుపబడెను. అమ్మకపు పన్ను మాత్రము నిలుపబడలేదు. ఖజానాకు ఒకసారి తెరచుకొన్న ద్వారము తిరిగి మూతపడుట అరుదు.

యుద్ధానంతరము నిషేధము మరల విడతలవారీగా వచ్చి, 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతట వ్యాపించెను. అప్పుడు ప్రధానమంత్రి ఓమండూరు రామస్వామి రెడ్డియారుగారు. దక్షిణార్కాటు ప్రాంతమున స్థిరపడిన తెలుగు మూలముగల రెడ్డియారు కుటుంబమువారు. మన వంటి వలసకుటుంబములనుండి వచ్చిన యొకరి కాలమున రాష్ట్రమంతయు నిషేధము క్రిందికి వచ్చినదని గుర్తుచేసికొనుట ఈ సంచికకు తగియున్నది.

ఇక సరిహద్దుల కథ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి గంజాము, కోరాపుట్టు ప్రాంతములు అందు చేరినవి. 1948 నిషేధము వారికి వర్తింపలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము పుట్టిన నాడే బళ్లారి మైసూరులో కలిసినది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరుజిల్లానుండి మద్రాసులోనికి పోయినది. ఇట్టి సందర్భములలో అనుసరింపబడు న్యాయసూత్రమొకటి కలదు. భూమి ఒక రాష్ట్రమునుండి వేరొక రాష్ట్రమునకు మారినను, అచటి చట్టము తానై మారదు. క్రొత్త శాసనసభ మార్చువరకు పాతదే నిలుచును. అందువలన బళ్లారివారు మైసూరు ప్రభుత్వము క్రిందికి వచ్చియు మద్రాసు చట్టమును వెంటబెట్టుకొని వచ్చిరి. 1956లో రాయచూరు, గుల్బర్గావారు 1316 ఫసలీ నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టముతో వచ్చిరి. పాత మైసూరు, బొంబాయి, మద్రాసు, హైదరాబాదు, కొడగు అను అయిదు ప్రాంతముల పద్ధతులు ఒక్క రాష్ట్రమున నిలిచెను. వీని నేకము చేయుటకే 1965 నాటి ఎక్సైజు చట్టము అవసరమయ్యెను.

ఆంధ్రరాష్ట్రమునందు జరిగినది మరింత ప్రసిద్ధము. మద్రాసునుండి వారసత్వముగా వచ్చిన నిషేధము నుంచుటయా తీయుటయా అని పరిశీలించుటకు ప్రభుత్వము ఎస్. వి. రామమూర్తిగారి అధ్యక్షతన సంఘమును నియమించెను. నిషేధము విఫలమైనదనియు, తొలగింపవలెననియు ఆ సంఘము సూచించెను. ప్రభుత్వ మంగీకరింపలేదు. గీతకార్మికుల పక్షమున గౌతు లచ్చన్నగారి నాయకత్వమున ఉద్యమము సాగెను. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానము 68కి వ్యతిరేకముగా 69 ఓట్లతో నెగ్గగా టంగుటూరి ప్రకాశముగారి మంత్రివర్గము పడిపోయెను. ఒక్క ఓటు! 1886లో బల్లయొద్దకు పోలేకపోయిన గీతకారుని మాట 1954లో మంత్రివర్గమునే కదల్చినది. 1956లో తెలంగాణము కలిసినప్పుడు ఒకే రాష్ట్రమున ఒక భాగము నిషేధమునందును, మరియొక భాగము హైదరాబాదు ఆబ్కారీ పద్ధతియందును నుండెను. 1968లో 17వ చట్టముగా వచ్చిన ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము ఈ రెంటిని ఒక త్రాటిపైకి తెచ్చెను.

పాఠకులున్న ఇతర రాష్ట్రముల సంగతి క్లుప్తముగా చెప్పుదుము. తమిళనాడున 1971లో నిషేధము నిలుపబడి, 1974లో మరల వచ్చి, 1981లో మరల సడలినది. 1983లో టాస్మాక్ అను ప్రభుత్వసంస్థ ఏర్పడి, 2003లో చిల్లర అమ్మకము యావత్తు దాని కప్పగింపబడెను. కల్లు మాత్రము 1987 నుండి నిషిద్ధము. ఇందు విశేషమేమనగా, ఇన్నిమార్పులకును ఆధారము రాజాజీగారి 1937 చట్టమే. మద్యపానమును నిషేధించుటకు పుట్టిన చట్టమునే సవరించి, దానిక్రింది నిబంధనలతో ప్రభుత్వమే మద్యము నమ్ముచున్నది. పేరు నిలిచినది, అర్థము తలక్రిందులైనది. శాసనముకంటె నిబంధన బలమైనదను మా మాటకు ఇంతకు మించిన సాక్ష్యము వలదు.

మహారాష్ట్రమునందును ఇట్టిదే. 1949 నాటి బొంబాయి నిషేధచట్టమే నేటికిని, పేరుమాత్రము మారి, అమలునందున్నది. త్రాగువాడు పర్మిటు పొందవలెనను నియమము అందలిదే. ఆ చట్టముయొక్క చెల్లుబాటును 1951లో సుప్రీముకోర్టు బల్సారా వ్యాజ్యమున చాలభాగము సమర్థించి, ఔషధములు మున్నగువానికి సంబంధించిన కొన్ని భాగములను త్రోసివేసెను. ప్రాణహితా తీరమున తెలుగువారు విశేషముగా నున్న సిరోంచ, గడ్చిరోలి జిల్లాలోనిది. ఆ జిల్లా 1993 నుండి నిషేధమునందున్నది. ప్రక్కనున్న చంద్రపూరులో 2015లో విధించిన నిషేధము 2021లో తొలగింపబడెను.

ఒడిశాలో 1915 నాటి బీహారు–ఒరిస్సా చట్టమునకు బదులుగా వచ్చిన క్రొత్తచట్టము పేరున 2008 సంవత్సరమున్నను, అది అమలులోనికి వచ్చినది 2017 ఏప్రిల్ 1న. యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండుటచే మద్రాసు నిషేధము దాని పొలిమేరయొద్దనే ఆగిపోయినది. తరువాత 1970 నాటి పుదుచ్చేరి ఎక్సైజు చట్టము, నిబంధనలు దానికి వర్తించినవి. చుట్టును ఆంధ్రమేయైనను, వీథి దాటినచో వేరు గెజెట్టు, వేరు ధర, వేరు నేరము.

ఇంతవరకు చెప్పిన కథలో నిబంధనను మార్చినవారు ఇరువురు. ఒకరు ఖజానావారు; వారు కార్యాలయములోపలనే యుందురు. రెండవవారు గీతకారులు, వారు వెలుపలినుండి పోరాడిరి. మూడవవారు మన గృహిణులు. వారి ప్రవేశము 1990 తరువాత నెల్లూరు జిల్లాలో జరిగినది. అక్షరాస్యతా ఉద్యమమున రాత్రిబడులకు వచ్చిన స్త్రీలకు నేర్పిన వాచకమునందు సారావలన చెడిన సంసారమును గూర్చిన పాఠమొకటి యుండెను. దూబగుంట గ్రామమున స్త్రీలు ఆ పాఠము చదివి, ఇది మన కథయే యని గుర్తించి, ఊరిలోని సారాకొట్టును మూయించిరి. ఆ గ్రామపు రోశమ్మగారి పేరు ఆ ఉద్యమమునకు గుర్తుగా నిలిచినది. 1992 నాటికి ఉద్యమము జిల్లాయంతట ప్రాకి సారాపాటలనే అడ్డగించెను.

ఇందలి సూక్ష్మమును పాఠకులు గమనింపగోరెదము. ఆ స్త్రీలు శాసనసభకు పోలేదు, చట్టమును చదువలేదు. ఆబ్కారీ యంత్రమున ఏ కీలుపై ఒత్తిన నిలుచునో దానినే పట్టుకొనిరి. పాట జరుగనిదే కాంట్రాక్టరు లేడు. కాంట్రాక్టరు లేనిదే కొట్టు లేదు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1994 డిసెంబరులో అధికారమునకు వచ్చిన ఎన్. టి. రామారావుగారి ప్రభుత్వము 1995 జనవరి 16 నుండి సంపూర్ణ నిషేధమును అమలుచేసెను. 1997లో ఆదాయాభావము, పొరుగురాష్ట్రములనుండి దొంగరవాణా మున్నగు కారణములు చెప్పి అది సడలింపబడెను. సారా నిషేధము మాత్రము అట్లే నిలిచెను. కర్ణాటకమును 2007 జులై 1 నుండి సారాను మాన్పించినది. సంపూర్ణ నిషేధము ప్రభుత్వము ఇచ్చినది, ప్రభుత్వమే తీసికొన్నది. సారా నిషేధము స్త్రీలు సంపాదించినది, నిలిచినది. ఈ భేదము మరువరానిది.

గీతకారుల మాటయు కొంత నిబంధనలలోని కెక్కినది. కల్లుదుకాణముల పాటలకు బదులు గీతకారుల సహకార సంఘములకు చెట్లప్పగించు పద్ధతి ఆంధ్ర తెలంగాణములలో వచ్చినది. తెలంగాణమున 2021 విధానము ననుసరించి మద్యపు దుకాణములలో గౌడులకు నూటికి 15, షెడ్యూల్డు కులములవారికి 10, తెగలవారికి 5 ప్రత్యేకింపబడినవి. కాని సరిహద్దున కీవల బళ్లారి, కోలారు, హోసూరులలోని ఈడిగ కుటుంబములకు ఆ నిబంధన వర్తింపదు. కులమొకటే, వృత్తియొకటే, భాషయొకటే; గెజెట్టు వేరు.

నేడు నిబంధన పుట్టు విధమును ఇంచుక వివరింతుము. రాజ్యాంగమున మద్యవిషయము రాష్ట్రముల జాబితాలో 8వ అంశముగాను, దానిపై సుంకము 51వ అంశముగాను ఉన్నవి. 2017లో వచ్చిన వస్తుసేవల పన్నునుండియు త్రాగెడు మద్యము మినహాయింపబడినది. 47వ అధికరణము నిషేధమునకై రాష్ట్రములు యత్నింపవలెనని ఆదేశించుచున్నది. కాని అది న్యాయస్థానముద్వారా అమలుచేయించుకొనదగినది కాదు. మద్యవ్యాపారము చేయుటకు పౌరునకు ప్రాథమికహక్కు లేదనియు, ప్రభుత్వము నిషేధింపనువచ్చును, తానే అమ్మనువచ్చును, లైసెన్సులిచ్చి నియంత్రింపనువచ్చుననియు 1994లో సుప్రీముకోర్టు కర్ణాటకమునకు సంబంధించిన ఖోడే వ్యాజ్యమున తేల్చెను. కాబట్టి రాష్ట్రప్రభుత్వముయొక్క చేయి ఈ విషయమున మిక్కిలి పొడవైనది.

శాసనసభ చేసిన చట్టమునందు ‘ప్రభుత్వము నిబంధనలు చేయవచ్చును’ అని ఒక విభాగముండును. శాఖవారు ముసాయిదా తయారుచేయుదురు, న్యాయశాఖవారు చూతురు. ‘ముందుగా ప్రకటించిన పిమ్మట’ అని చట్టమునందున్నయెడల ఆ ముసాయిదాను గెజెట్టున ప్రకటించి, ఇన్నిదినములలో ఆక్షేపణలు, సూచనలు పంపవచ్చునని తెలుపవలెను. గడువు తీరిన పిమ్మట వచ్చిన ఆక్షేపణలను పరిశీలించి తుదిరూపమును ప్రకటింతురు. తరువాత శాసనసభయెదుట నుంచుదురు. అత్యవసరమని ముందు ప్రకటన మానివేయుటకును కొన్ని చట్టములు వీలు కల్పించుచున్నవి. నిబంధనల క్రింద మరల వార్షిక విధానము, కమిషనరు ఉత్తర్వులు, లైసెన్సు షరతులు. సంవత్సరాంతమున విధానము మారినప్పుడెల్ల ఈ క్రిందిమెట్లన్నియు మారును.

ఇందు గృహస్థునకు మాట్లాడుటకు దొరకు తావు ముసాయిదాకును తుదిరూపమునకును నడుమనున్న ఆ కొలది దినములే. మద్యవ్యాపారులు ఆ దినములను ఎన్నడును మరువరు, వారికి న్యాయవాదులుందురు. మనకు గెజెట్టు వచ్చిన సంగతియే తెలియదు. తెలిసినను అది కన్నడమునందో, తమిళమునందో, ఒడియాలోనో, ఆంగ్లమునందో యుండును. ఇంటిలోని పెద్దమ్మ తెలుగు తప్ప చదువనేరదు.

ఒక చిన్న ఉదాహరణము. గుడికిని బడికిని దూరమును విధించు నిబంధన దాదాపు అంతటను కలదు. తమిళనాడునందు 2003 నిబంధనల ప్రకారము పట్టణములలో 50 మీటర్లు, ఇతరచోట్ల 100 మీటర్లు. కర్ణాటకమున 100 మీటర్లు. చదివినవెంటనే మన భజనమందిరమునకు రక్షణ కలదని తలంతుము. కాని ‘ఆలయము’ అనగానేమి యను నిర్వచనము వేరొక పుటలో నుండును. ఆంధ్రప్రదేశ్ నిబంధనలలో దేవాదాయశాఖయందు నమోదైన దేవాలయమే లెక్కకు వచ్చునట్లు వ్రాయబడియున్నది. ఇట్టి నిర్వచనమున్న చోట, తాతలు చందాలు వేసికొని కట్టిన, నమోదుకాని రామమందిరము నిబంధన దృష్టిలో వట్టి యిల్లు. దూరమును గుమ్మమునుండి గుమ్మమునకు జనులు నడచు త్రోవవెంట కొలుతురా, తిన్నగా కొలుతురా అనుదానిపైనను ఫలితము మారును. కావున మన సంఘములు తమ తమ రాష్ట్రపు నిబంధనలలోని నిర్వచనముల పుటను ముందుగా చదువవలెను. మందిరములు, బడులు నమోదైనవో లేవో చూచుకొనవలెను.

రెండవది, స్థానిక స్త్రీలకు చట్టమిచ్చిన సాధనములు. మహారాష్ట్రమున 2008 నాటి ఉత్తర్వు ప్రకారము ఒక గ్రామమున గాని వార్డున గాని నూటికి 25 మంది స్త్రీలు దుకాణము మూయవలెనని కోరినచో రహస్య ఓటింగు జరుపుదురు. నిలువు సీసా, అడ్డసీసా అను గుర్తులపై ఓటు వేయుదురు. సగమునకు మించి అడ్డసీసాకు వచ్చినచో దుకాణము మూతపడును. షోలాపురము, భివండీలలోని మన నేతకుటుంబముల స్త్రీలకును ఇది అందుబాటులోనిదే. షెడ్యూల్డు ప్రాంతములలో 1996 నాటి పంచాయతీల విస్తరణచట్టము మాదకద్రవ్యములను నిషేధించుటకు గాని నియంత్రించుటకు గాని గ్రామసభకు అధికారము కల్పించుచున్నది. కోరాపుట్టు, రాయగడ ప్రాంతములలోని మనవారు గ్రామసభకు పోవుట మానరాదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. కన్నడము వ్రాయరాదు, ఒడియా వ్రాయరాదు, కావున మేము ఆక్షేపణ పంపలేము అని మనవారు వెనుదీయుదురు. రాజ్యాంగములోని 350వ అధికరణము ప్రకారము, తన కష్టమును తొలగింపుమని ఏ అధికారికైనను విన్నవించుకొను ప్రతివ్యక్తియు కేంద్రమునందు గాని ఆ రాష్ట్రమునందు గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నపము పంపవచ్చును. తెలుగులో వ్రాసిన అర్జీ అర్జీయే. తీసికొననని త్రోసివేయుటకు అధికారికి హక్కు లేదు. నెల్లూరు స్త్రీలు అక్షరములు నేర్చిన వెంటనే సారాకొట్టు మూయించిరి. మనయింటి స్త్రీలకు అక్షరములు ఏనాడో వచ్చినవి. ఆ అక్షరములు చెల్లునను ధైర్యము మాత్రమే రావలసియున్నది.

శాసనములు చేసినవారి పేర్లు చరిత్రగ్రంథములలో నిలుచును. నిబంధనలు వ్రాసినవారి పేర్లు ఎక్కడను కానరావు. కాని వారి వ్రాతయే చెట్టుమీద గుర్తుగా, కుండలో సున్నముగా, వీథిచివర కొట్టుగా మన నడుమ నుండెను, ఉన్నది. ఆ వ్రాతలో మన మాట ఒక్కటైనను చేరవలెనని కోరి ఈ వ్యాసమును పాఠకులకు సమర్పించుచున్నాము. ఈ యేడు మీ రాష్ట్రపు ముసాయిదా వెలువడునప్పుడు మీ సంఘకార్యదర్శి దానిని తెలుగుచేసి ఇంటింట చదివి వినిపించినచో మా శ్రమ ఫలించినట్లే.